మట్టి లేకుండా పాలీహౌస్‌లో క్యాప్సికం సాగు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పిన అంకెలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) బ్యాగుల్లో, డ్రిప్ ద్వారా పోషక ద్రావణం ఇస్తూ, మొక్కకు రెండు కొమ్మలు పెంచే పద్ధతికి సరిపోతాయి. రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార), పెర్లైట్ (వేడికి పొంగించిన తేలికపాటి తెల్ల రాతి గుళికలు) వాడేవారికి ఎక్కడ తేడా వస్తుందో అక్కడే చెప్పాం.

మట్టి మానేస్తే మొక్క పెరుగుదలలో ఏం మారుతుంది?

మట్టిలో వేరు తనకు కావలసినది వెతుక్కుంటూ దూరం వెళ్తుంది. బ్యాగులో ఒక్కో మొక్కకు దక్కేది 6–7 లీటర్ల చోటు మాత్రమే. నీరు, ఎరువు, గాలి మూడూ అంతలోనే అందాలి. అన్నీ సరిగా అందితే మొక్క ఆగకుండా పెరుగుతుంది, కాయలు ఒకే సైజులో వస్తాయి, మట్టి నుంచి వచ్చే ఎండు తెగులు, నులిపురుగుల బెడద చాలావరకు తప్పుతుంది. కానీ ఎండ రోజున డ్రిప్పర్ మూసుకుపోతే మధ్యాహ్నానికే మొక్క వాడిపోతుంది. మట్టి నాలుగు రోజులు కప్పిపుచ్చే తప్పును బ్యాగు నాలుగు గంటలు కూడా దాచదు.

కోకోపీట్, రాక్‌వూల్, పెర్లైట్‌లలో ఏది మంచిది?

మూడింటిలోనూ మంచి పంట తీయవచ్చు. మొదటిసారి వేసేవారికి కోకోపీటే నయం. నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి చిన్న పొరపాట్లను కాస్త ఓర్చుకుంటుంది. రాక్‌వూల్ పోషకాలను పట్టి ఉంచదు, విడుదల చేయదు. మీరు ఏది ఇస్తే వేరుకు అదే అందుతుంది కాబట్టి కచ్చితత్వం ఎక్కువ, ఆదమరుపుకు చోటు తక్కువ. పెర్లైట్‌లో గాలి బాగా ఆడుతుంది గానీ నీరు తొందరగా దిగిపోతుంది, అందుకే తక్కువ మోతాదులో ఎక్కువసార్లు ఇవ్వాలి.

కోకోపీట్ కొనేటప్పుడు పొడి ఒక్కటే ఉన్న బ్యాగులు వద్దు. నాలుగైదు నెలలకు అది అణిగిపోయి అడుగున బురదలా మారుతుంది, క్యాప్సికం వేరు ఆ తడిని భరించలేదు. కొబ్బరి చిప్స్ 30 శాతం వరకు కలిసినవి తీసుకోండి.

కోకోపీట్‌ను కాల్షియం నైట్రేట్‌తో ఎందుకు నానబెట్టాలి? ఉత్త నీటితో కడిగితే చాలదా?

చాలదు. నీటితో పోయేది విడిగా ఉన్న ఉప్పు మాత్రమే. కొబ్బరి పీచు తన ఉపరితలం మీద సోడియం, పొటాషియంలను పట్టుకుని ఉంటుంది. మీరు పోషక ద్రావణం ఇవ్వగానే పీచు వాటిని వదిలి, బదులుగా కాల్షియం, మెగ్నీషియంలను లాక్కుంటుంది. ఫలితంగా నాటిన తొలి వారాల్లోనే మొక్కకు కాల్షియం కొరత వస్తుంది. ద్రావణంలో కాల్షియం నిండుగా ఉన్నా లేత ఆకుల అంచులు ముడుచుకోవడానికి కారణం ఇదే.

ముందు మంచి నీటితో బ్యాగును నింపి, పైనుంచి పొర్లి కారే నీటి ఈసీ (నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపే విద్యుత్ వాహకత కొలత, ఎంఎస్/సెం.మీ.లలో) 1.0 లోపుకు వచ్చేదాకా కడగండి. తర్వాత లీటరుకు 2–3 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటితో బ్యాగు నిండా నింపి 24 గంటలు ఉంచండి. అప్పటిదాకా బ్యాగుకు గాట్లు పెట్టవద్దు. మరునాడు అడుగున గాట్లు పెట్టి వదిలేసి, మరోసారి అదే ద్రావణం ఇచ్చి, చివరగా ఈసీ 1.5 ఉన్న పోషక ద్రావణంతో తడిపితే బ్యాగు నాటడానికి సిద్ధం. 'బఫర్డ్' (ముందే ఇలా నానబెట్టినవి) అని రాసి ఉన్న బ్యాగులైనా రెండు మూడింటిని తడిపి కారిన నీటి ఈసీ చూశాకే నమ్మండి.

నారు ఎలా పెంచాలి? ఎన్ని రోజుల మొక్క నాటాలి?

విత్తనం మొలవడానికి 25–28 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. 7–10 రోజుల్లో మొలకలు పైకి వస్తాయి. 20 డిగ్రీలకు తగ్గితే మొలక ఆలస్యమై ట్రేలో ఎగుడుదిగుడుగా వస్తుంది, ఆ తేడా చివరిదాకా కనిపిస్తుంది. బీజదళాలు విచ్చుకున్నాక ఈసీ 1.0–1.2తో మొదలుపెట్టి, రెండు మూడు నిజ ఆకులు వచ్చేసరికి 1.5కు పెంచండి.

ప్రోట్రేలో 35–45 రోజులు పెరిగి, 5–6 ఆకులతో, కాండం గట్టిగా ఉన్న నారు నాటడానికి సరైనది. ట్రేలోనే మొగ్గ తొడిగిన ముదురు నారు వద్దు. అది వేరు పెంచుకోవడం మాని పూత మీదకు పోతుంది, మొక్క గిడసబారుతుంది. నాటేటప్పుడు నారు గడ్డ పైభాగం బ్యాగు మట్టానికి సమానంగా ఉండాలి. లోతుగా పెడితే కాండం మొదలు కుళ్లుతుంది.

బ్యాగుకు ఎన్ని మొక్కలు? చదరపు మీటరుకు ఎన్ని కొమ్మలు?

100 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు ఉన్న బ్యాగుకు మూడు మొక్కలు, మొక్కకో డ్రిప్పర్. మొక్కలకంటే కొమ్మలను లెక్కపెట్టడం ముఖ్యం. చదరపు మీటరుకు 6–7 కొమ్మలు ఉంటే చాలు, అంటే సుమారు మూడు మొక్కలు. వెలుతురు తక్కువగా ఉండే కాలంలో 6 దగ్గరే ఆగండి. కొమ్మలు ఎక్కువైతే దిగుబడి పెరుగుతుందని ఆశపడేవారు చాలామంది. నిజానికి నీడలో పడిన కొమ్మ పూతను రాల్చి, ఆకులతో చోటు మాత్రం ఆక్రమిస్తుంది.

మొదటి పువ్వును తుంచాలా? కొమ్మలను ఎలా మలచాలి?

తుంచాలి. క్యాప్సికం 8–13 ఆకుల తర్వాత పంగ వేసి రెండు మూడు కొమ్మలుగా చీలుతుంది, ఆ పంగలోనే మొదటి పువ్వు వస్తుంది. దాన్ని ఉంచితే చిన్న మొక్క తిండి అంతా ఆ ఒక్క కాయే లాగేసుకుంటుంది. పైగా పంగలో ఇరుక్కుని వంకరగా పెరుగుతుంది. మొక్క బలహీనంగా ఉంటే తర్వాతి కణుపులోని పూలు కూడా తీసేయండి. మొక్క మరీ ఏపుగా, ఆకులు పెద్దవిగా ఉంటే మాత్రం రెండో కణుపు నుంచి కాయలు ఉంచడమే మంచిది. పెరుగుదలకు కళ్లెం పడుతుంది.

పంగ దగ్గర బలమైన రెండు కొమ్మలను ఉంచి మిగతాది కోసేయండి. ఆ పైన ప్రతి కణుపు దగ్గరా కొమ్మ మళ్లీ రెండుగా చీలుతుంది. బలంగా ఉన్నదాన్ని పైకి పోనిచ్చి, రెండోదాన్ని ఒకటి రెండు ఆకులు ఉంచి గిల్లేయండి. ఆ ఆకులు కాయకు తిండి, నీడ రెండూ ఇస్తాయి. ఈ పని వారానికోసారి తప్పదు. రెండు వారాలు ఆగితే పక్కకొమ్మ ముదిరి, కోసినచోట పెద్ద గాయమై బూజుకు దారి ఇస్తుంది. దారాన్ని కొమ్మ చుట్టూ ఎప్పుడూ ఒకే దిశలో చుట్టండి. మధ్యాహ్నం కొమ్మలు కాస్త మెత్తబడి ఉంటాయి, పొద్దున్నే వంచితే పుటుక్కున విరుగుతాయి.

పోషక ద్రావణంలో ఏవి ఎంత కలపాలి?

దాదాపు ఉప్పు లేని నీటికి, కాపు మొదలయ్యే దశకు పనికొచ్చే కొలతలు ఇవి. ఎరువులను 'ఏ', 'బీ' అనే రెండు ట్యాంకుల్లో విడివిడిగా, గాఢంగా కరిగించాలి. ఒక్కో ట్యాంకు 100 లీటర్లు, 100 రెట్లు గాఢత. అంటే ప్రతి 100 లీటర్ల నీటికి 'ఏ' ట్యాంకు నుంచి 1 లీటరు, 'బీ' ట్యాంకు నుంచి 1 లీటరు.

'ఏ' ట్యాంకు: కాల్షియం నైట్రేట్ 9.5 కిలోలు, పొటాషియం నైట్రేట్ 4 కిలోలు, 11 శాతం ఇనుమున్న డీటీపీఏ చీలేట్ (ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచే రూపం) 150 గ్రాములు.

'బీ' ట్యాంకు: మోనో పొటాషియం ఫాస్ఫేట్ 2 కిలోలు, మెగ్నీషియం సల్ఫేట్ 4.5 కిలోలు, పొటాషియం సల్ఫేట్ 800 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్ 20 గ్రాములు, జింక్ సల్ఫేట్ 15 గ్రాములు, బోరాక్స్ 30 గ్రాములు, కాపర్ సల్ఫేట్ 2 గ్రాములు, సోడియం మాలిబ్డేట్ 1.3 గ్రాములు.

మొక్కకు చేరే ద్రావణంలో నత్రజని దాదాపు 200 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), భాస్వరం 45, పొటాషియం 245, కాల్షియం 180, మెగ్నీషియం 44 ఉంటాయి. ఈసీ నీటి సొంత ఈసీకి పైన సుమారు 2.0 పెరుగుతుంది. మీ నీటిలోనే కాల్షియం, మెగ్నీషియం ఉంటే ఆ మేరకు తగ్గించుకోవాలి. అందుకే నీటి పరీక్ష చేయించకుండా ఏ కొలతా వాడకండి, ఇది కూడా.

'ఏ', 'బీ' రెండూ ఒకే డ్రమ్ములో కలిపేస్తే ఏమవుతుంది?

గాఢంగా ఉన్నప్పుడు కాల్షియం అనేది సల్ఫేటుతో కలిసి జిప్సంగా, ఫాస్ఫేటుతో కలిసి కాల్షియం ఫాస్ఫేటుగా గడ్డకట్టి అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. డ్రిప్పర్లు మూసుకుపోవడం ఒక నష్టం, ఆ పోషకాలు మొక్కకు అందకపోవడం అంతకంటే పెద్ద నష్టం. ముందు ట్యాంకులో సగానికి పైగా నీరు పోసి, ఒక్కో ఎరువు పూర్తిగా కరిగాకే మరొకటి వేయండి. ఇనుము చీలేట్ వెలుతురుకు పాడవుతుంది కాబట్టి 'ఏ' ట్యాంకు నల్లనిదై, మూతతో ఉండాలి. రెండు ట్యాంకుల మట్టం రోజూ సమానంగా తగ్గుతోందా లేదా చూడండి. ఒకటి తగ్గి మరొకటి అలాగే ఉందంటే ఎరువును నీటిలోకి ఎక్కించే ఇంజెక్టర్ మొరాయించిందన్నమాట. ఈసీ మీటరు ఒక్కటే చూస్తే ఇది బయటపడదు.

బోరు నీరు వాడుతున్నాం, పీహెచ్ నిలవడం లేదు. ఏం చేయాలి?

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) అంకెకంటే నీటిలోని బైకార్బొనేట్ (పీహెచ్‌ను పైకి లాగే లవణం) ఎంతో తెలుసుకోండి. 61 పీపీఎం అంటే లీటరుకు 1 మిల్లీమోల్. దాన్ని ఆమ్లంతో తటస్థం చేసి, చివరకు 30–60 పీపీఎం మిగల్చాలి. పూర్తిగా తీసేస్తే పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది.

ఉదాహరణకు నీటిలో 300 పీపీఎం బైకార్బొనేట్ ఉంటే 1000 లీటర్లకు 60 శాతం నైట్రిక్ ఆమ్లం సుమారు 300 మి.లీ. పడుతుంది. దాంతో దాదాపు 55 పీపీఎం నత్రజని అదనంగా వచ్చి చేరుతుంది, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఆ మేరకు పొటాషియం నైట్రేట్ తగ్గించి, పొటాషియాన్ని సల్ఫేట్ రూపంలో ఇవ్వాలి. ఎప్పుడూ నీటిలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

డ్రిప్ ద్రావణం పీహెచ్ 5.6–6.0 మధ్య ఉండాలి. బ్యాగులో 6.5 దాటితే ఇనుము, మాంగనీస్ అందక చిగురాకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి.

ఏ దశలో ఈసీ ఎంత ఉండాలి?

నాటిన మొదటి రెండు వారాలు 1.6–1.8. పూత మొదలయ్యేసరికి 2.0–2.2. కాయలు ఊరే దశలో 2.3–2.8. మబ్బు రోజుల్లో పై అంచుకు, మండుటెండల్లో కింది అంచుకు ఉంచండి. ఎండలో మొక్క నీరు ఎక్కువగా, ఎరువు దానికి తగ్గట్టు కాకుండా తక్కువగా తీసుకుంటుంది. మిగిలిన ఉప్పు బ్యాగులో పేరుకుంటుంది.

రోజుకు ఎన్నిసార్లు నీరు ఇవ్వాలి?

గడియారాన్ని బట్టి కాదు, ఎండను బట్టి. పూర్తిగా ఎదిగిన పంటకు, చదరపు సెంటీమీటరు మీద పడే ప్రతి జౌల్ సౌరశక్తికి చదరపు మీటరుకు సుమారు 3 మి.లీ. నీరు అనేది మంచి ప్రారంభ లెక్క. 2000 జౌళ్ల ఎండ కాసిన రోజున చదరపు మీటరుకు 6 లీటర్లు, అంటే మొక్కకు 2 లీటర్లు. దాన్ని విడతకు 100–150 మి.లీ. చొప్పున ఇస్తే 14–20 విడతలు. మబ్బు రోజున ఐదారు విడతలతో సరిపోతుంది.

మొదటి విడత సూర్యోదయమైన గంట, రెండు గంటల తర్వాత. చివరి విడత సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు. రాత్రంతా బ్యాగు కొంచెం ఆరాలి, అప్పుడే వేరుకు గాలి ఆడుతుంది. సాయంత్రం పొద్దుపోయాక ఇచ్చిన నీరు వేరుకుళ్లుకు, కాయ పగుళ్లకు పెట్టుబడి.

డ్రెయిన్ నీటిని (బ్యాగు నుంచి కారిపోయే నీటిని) ఎందుకు కొలవాలి? ఆ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

ఈ సాగులో ఒక్క పనే చేయడానికి తీరిక ఉంటే ఇదే చేయండి. ఒక బ్యాగు కింద తొట్టి, ఒక అదనపు డ్రిప్పర్ కింద సీసా పెట్టండి. సీసాలో 2 లీటర్లు పడితే మూడు డ్రిప్పర్ల బ్యాగుకు 6 లీటర్లు చేరినట్టు. తొట్టిలో 1.5 లీటర్లు ఉంటే డ్రెయిన్ 25 శాతం. ఎండ రోజున 20–30 శాతం, మబ్బు రోజున 10 శాతం ఉంటే బాగుంది. కారడం మధ్యాహ్నానికి ముందే, సుమారు 10–11 గంటలకు మొదలవ్వాలి.

డ్రెయిన్ ఈసీ, ఇచ్చిన ఈసీ కంటే 1.0 వరకు ఎక్కువ ఉండటం మామూలే. తేడా 1.5 దాటితే నీరు చాలడం లేదని అర్థం. విడతలు పెంచండి, ఈసీని 0.2–0.3 తగ్గించండి. ఉత్త నీటితో ఒకేసారి కడిగేయవద్దు. ఉప్పగా ఉన్న వేరుకు ఒక్కసారిగా మంచినీరు తగిలితే నీటిని విపరీతంగా పీల్చి కాయలు పగులుతాయి. డ్రెయిన్ ఈసీ ఇచ్చినదానికంటే తక్కువగా ఉంటే మొక్క ఆకలితో ఉంది, ఈసీ పెంచాలి.

డ్రెయిన్ పీహెచ్ 5.0 కంటే పడిపోతే ద్రావణంలో అమ్మోనియం ఎక్కువైందేమో చూడండి. మొత్తం నత్రజనిలో అది 5–7 శాతం మించనక్కర్లేదు. పీహెచ్ 6.8 వైపు పోతుంటే మొక్క ఏపుగా పెరుగుతూ నైట్రేట్ ఎక్కువగా తీసుకుంటోందని అర్థం. అప్పుడు అమ్మోనియం కొద్దిగా పెంచితే సర్దుకుంటుంది.

పూత విపరీతంగా రాలుతోంది. కారణం ఏమిటి?

మొదట వేడి చూడండి. పగలు 24–28, రాత్రి 18–20 డిగ్రీలు క్యాప్సికానికి హాయి. పగలు 33 దాటినా, రాత్రి 24 కంటే దిగకపోయినా పూత నిలవదు. రాత్రి 15కు పడిపోతే పువ్వు రాలదు గానీ పుప్పొడి చెడి, గింజలు లేని చదును కాయలు వస్తాయి. రెండో కారణం వెలుతురు చాలకపోవడం. మూడోది మొక్క మీద అప్పటికే ఉన్న కాయల బరువు.

తేమ 60–75 శాతం మధ్య ఉంచండి. వేసవిలో 30–35 శాతం నీడ వల, ఫాగర్లు (మంచులా నీటి తుంపర చల్లేవి) పనికొస్తాయి. కానీ నీడ వలను పొద్దున్న, సాయంత్రం, మబ్బు రోజున తీసేయగలిగేలా కట్టండి. ఏడాది పొడవునా పరిచి ఉంచిన వల కింద పూత రాలితే తప్పు ఎరువుది కాదు.

కాయలు ఒకసారి గుంపుగా వచ్చి తర్వాత కొన్ని వారాలు ఏమీ ఉండటం లేదు. ఇది మామూలేనా?

క్యాప్సికం స్వభావమే అంత. పిందె నిలిచిన మూడు నాలుగు వారాలకు కాయ ఊరే వేగం బాగా పెరుగుతుంది. అలాంటి కాయలు కొమ్మకు నాలుగైదు ఉంటే పైన విచ్చిన పూలకు తిండి మిగలదు, వరసగా రాలిపోతాయి. కింది కాయలు కోశాక మళ్లీ ఒక్కసారిగా పూత నిలుస్తుంది. అలా విడతలు మొదలై పంట చివరిదాకా సాగుతాయి.

పూర్తిగా ఆపలేం, మెత్తబరచగలం. మొదటి విడతలోనే కొమ్మకు మూడు నాలుగు కాయలకు మించి ఒకేసారి నిలవనివ్వకండి. వంకర పిందెలను బొటనవేలంత ఉన్నప్పుడే తీసేయండి. భారం మరీ ఎక్కువైతే కొన్నిటిని పచ్చగానే కోయండి. ప్రతి వారం పది కొమ్మలకు గుర్తు పెట్టి కొత్త కణుపులు, విచ్చిన పూలు, నిలిచిన పిందెలు రాసుకుంటే రాబోయే ఖాళీ వారాలు ముందే తెలుస్తాయి.

కాయ కింది భాగంలో గోధుమరంగు మచ్చ పడి ఎండిపోతోంది. కాల్షియం పిచికారీ చేయాలా?

ఇది కాయ అడుగు కుళ్లు. కాల్షియం కొరతే, కానీ చాలాసార్లు ద్రావణంలో కొరత కాదు. కాల్షియం నీటితోపాటే ప్రయాణిస్తుంది, ఆకు నుంచి ఆవిరయ్యేది ఎక్కువ కాబట్టి ఎక్కువభాగం ఆకుకే పోతుంది. వేడిగా, పొడిగా ఉన్న రోజున కాయ వాటా ఇంకా తగ్గుతుంది. బ్యాగులో ఈసీ పెరగడం, మధ్యాహ్నం బ్యాగు ఎండటం, అమ్మోనియం లేదా పొటాషియం మితిమీరడం, వేరు చెడటం, ఇవన్నీ అదే మచ్చను తెస్తాయి.

ముందు డ్రెయిన్ ఈసీ, మధ్యాహ్నపు నీరు సరిచేయండి. ఎండను తగ్గించి తేమ పెంచండి. కాల్షియం పిచికారీ లేత పిందెల మీద నేరుగా పడితేనే కొంత ఫలితం, ఆకుల మీద పడినది కాయకు చేరదు. మచ్చ పడిన కాయ బాగుపడదు, కోసేయండి. లోపం జరిగింది రెండు మూడు వారాల క్రితం, కాబట్టి ఇవాళ సరిదిద్దినా మరికొన్ని మచ్చ కాయలు వస్తాయి. ఆ కంగారులో ద్రావణాన్ని రోజుకోలా మార్చకండి.

ఎండకు ఎదురుగా ఉన్న పక్కన తెల్లగా, కాగితంలా మారితే అది ఎండదెబ్బ, కాల్షియంతో సంబంధం లేదు. ఆకులు ఎక్కువగా తీసేసిన కొమ్మల మీద వస్తుంది.

చిగురాకులు ముడుచుకుంటున్నాయి. పోషక లోపమా, పురుగా?

ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగులు, కిందికి ముడిచి ఆకు సన్నబడి గాజులా మెరిస్తే నల్లి. పైముడత, కింది ముడత అని మిరప రైతులు వేరుచేసేది ఇదే. నల్లి కంటికి కనబడదు, భూతద్దంతో చిగురు చూడాలి. దానికి పురుగుమందు పనిచేయదు, నల్లి మందు లేదా గంధకం వాడాలి. తామర పురుగులు వైరస్‌ను కూడా మోస్తాయి కాబట్టి పూలను తెల్ల కాగితం మీద దులిపి వారానికోసారి చూడండి.

క్యాప్సికం పుప్పొడి మీద స్విర్‌స్కీ మిత్రనల్లి చక్కగా బతుకుతుంది, తామర పురుగు పిల్లలను, తెల్లదోమ గుడ్లను తింటుంది. పెద్ద తామర పురుగులకు ఓరియస్ అనే వేటాడే చిన్న పురుగులు. వీటిని వదిలితే కనబడిన ప్రతిదానికీ మందు కొట్టే అలవాటు మానాలి, లేకపోతే ముందు చచ్చేవి ఇవే.

ఆకు పైన పసుపు మచ్చ, సరిగ్గా దాని అడుగున తెల్లటి బూజు ఉంటే బూడిద తెగులు. ఈ పంటలో శిలీంధ్రం ఆకు లోపల పెరుగుతుంది, పైకి కనబడేసరికి ఆలస్యమైనట్టే. మొజాయిక్ మచ్చలతో చిగురు చిన్నబోతే ఆ మొక్కను పీకి సంచిలో వేసి బయటికి పంపండి. టొబామో జాతి వైరస్‌లు చేతులతో, కత్తితో పక్క మొక్కకు పాకుతాయి.

పరాగసంపర్కానికి తేనెటీగలు కావాలా?

తప్పనిసరి కాదు, పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది. తేనెటీగలో, బంబుల్ ఈగలో ఉంటే గింజలు పెరిగి కాయ నాలుగు పలకలుగా నిండుగా వస్తుంది.

డ్రెయిన్ నీటిని మళ్లీ వాడవచ్చా?

వాడవచ్చు, వడకట్టి, అతినీలలోహిత కిరణాలతోనో వేడితోనో శుద్ధి చేశాక. లేకపోతే ఒక బ్యాగులోని వేరుకుళ్లు షెడ్డంతా తిరుగుతుంది. క్యాప్సికం సోడియంను దాదాపు తీసుకోదు, కాబట్టి తిప్పిన ప్రతిసారీ అది పేరుకుంటుంది. మీ నీటిలో సోడియం ఎక్కువగా ఉంటే తిప్పడం కుదరదు, ఆ డ్రెయిన్‌ను ఆరుబయట పంటలకు పారించడం మేలు.

కాయ ఎప్పుడు, ఎలా కోయాలి?

పిందె నిలిచాక పచ్చికాయకు 5–6 వారాలు, రంగు కాయకు 7–9 వారాలు. సగానికి పైగా రంగు తిరిగాక కోయండి, మరీ పచ్చగా కోస్తే తర్వాత రంగు సరిగా రాదు. తొడిమకు కొమ్మ దగ్గర కణుపులాంటి ముడి ఉంటుంది, పదునైన కత్తితో అక్కడే నున్నగా కోయండి. లాగితే కొమ్మ చీలుతుంది. మిగిలిన తొడిమ మొండి కుళ్లి కొమ్మకు పాకుతుంది. కోతను పొద్దున్నే ముగించి, కాయను 7–10 డిగ్రీల్లో, 90–95 శాతం తేమలో నిల్వ చేయండి. 7 కంటే తగ్గితే కాయ మీద గుంటలు పడతాయి.

అవే బ్యాగులను రెండో పంటకు వాడవచ్చా?

వేరుకుళ్లు, వైరస్ రాని బ్యాగులైతే రెండో పంటకు బాగానే పనిచేస్తాయి. పాత మొక్కను కోసేసి, పైన ఉన్న వేరు గడ్డను తీసి, డ్రెయిన్ ఈసీ 1.0 లోపుకు వచ్చేదాకా కడిగి, మొదటిసారిలాగే కాల్షియం నైట్రేట్‌తో నానబెట్టండి. రెండోసారి నీరు ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి విడతల మధ్య ఎడం పెంచాలి. వైరస్ వచ్చిన బ్యాగును మాత్రం కడిగి వాడాలని చూడకండి.